కుంతి ఎవరితో చెప్పుకోవాలి?

"పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు చదివే నవలలో ఇల్లాంటివి రాయొచ్చా అండీ?" అని తల్లులు నన్నడుగుతూ ఉంటారు. ఇల్లాంటివంటే ఏవో వారు పైకి చెప్పరు. వయసు రావటం, ప్రేమ, బాగా తెలిసినవాళ్ళే ఒంటిమీద చెయ్యి వెయ్యటం. అవే కాబోలు.

చిత్రమేమిటంటే, కుంతి కథ మనం ఏడేళ్ళ పిల్లకైనా చెప్పేస్తాం. పెళ్ళికాని పిల్ల లోకానికి భయపడి, కన్నబిడ్డని పెట్టెలో పెట్టి ఏట్లో వదిలెయ్యటం! ఇంతకన్న పెద్దవాళ్ళ సంగతేముంటుంది? అయినా ఏ పిల్లా చెడిపోలేదు. ఎందుకంటే బామ్మలు సూర్యుడు వచ్చిన దగ్గర ఆగరు. పెట్టె కొట్టుకుపోతుంటే ఆ పిల్ల గట్టున నిలబడి ఏడ్చిన దగ్గర ఆగుతారు. రాసేవాళ్ళు ఎక్కడ ఆగాలో బామ్మలని చూసి నేర్చుకోవాలి.

దాచాలనిపించటం పెద్దవాళ్ళకి సహజమే. ఆన్ ఫ్రాంక్ డైరీ 1947లో తండ్రి పూనికతో మొదటిసారి అచ్చయినప్పుడు, ఆ పిల్ల తన శరీరం గురించీ, తల్లిమీద కోపం గురించీ రాసుకున్నవి కొన్ని వదిలేశారు. తరవాత అవీ వెలుగు చూశాయి. చదివితే తెలుస్తుంది, తనకేమవుతోందో తెలుసుకోవాలని ఒక పిల్ల పడ్డ తాపత్రయమే అదంతా.

చెప్పుకోకపోతే ఏమవుతుందో భారతమే చూపించింది. వ్యాసభారతంలో కుంతి రహస్యం అప్పట్లో ఒక్క దాదికే తెలుసు. కొడుకుల ముందు ఆవిడ నోరు విప్పింది యుద్ధమంతా అయ్యాక, తమ్ముడు అన్నని చంపేశాక, తర్పణాల వేళ. ధర్మరాజు శాపంవల్లే ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటూ నవ్వుకుంటాం గానీ, ఆ ఒక్క ఆడది అన్నేళ్ళు ఎల్లా దాచుకుందో ఆలోచించం.

అంచేత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కథలో పిల్లకి ఎంత కష్టమైనా రానిస్తాను. అది చెప్పుకోవటానికి అమ్మో, అత్తయ్యో, పంతులమ్మో ఒక మనిషిని తప్పకుండా ఉంచుతాను. "నువ్వేం చేశావు?" అని ఎదురు నిలదీయకుండా వినే మనిషిని.

నా చేతనయింది అంతవరకే. పుస్తకం మూసి ఆ పిల్ల వంటింటి గుమ్మంలోకి వచ్చి "అమ్మా, ఒక మాట" అన్నప్పుడు, పొయ్యి కట్టేసి ఇటు తిరగవలసింది మాత్రం మీరే.