ముడతలకు సూది వేయించుకోవడం తప్పా?

పోయిన వారం యయాతి వీడియోకి స్క్రిప్ట్ రాసింది నేనే. అందులో పట్టని విషయం ఒకటి మిగిలిపోయింది, అది ఇక్కడ రాస్తున్నా.

సరిగ్గా ఆ స్క్రిప్ట్ రాస్తున్న రోజుల్లోనే మా టీమ్ లీడ్ ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "శనివారం జూబ్లీహిల్స్ దాకా తోడొస్తావా తమ్ముడూ? ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆయనకి నలభై రెండు. తీరా చూస్తే అది స్కిన్ క్లినిక్. బోటాక్స్ వేయించుకుంటాడట. ఇంటర్వ్యూలు మొదలుపెట్టాడు, వీడియో కాల్‌లో నుదుటి మీద గీతలు బాగా కనిపిస్తున్నాయని దిగులు.

నాలో ప్రవచనకారుడు నిద్రలేచాడు. "ఈ దేహం శాశ్వతమా అన్నా? బాల్యం, యౌవనం ఎలా వచ్చాయో ముసలితనం కూడా అలాగే వస్తుందని గీత రెండో అధ్యాయంలోనే ఉంది కదా" అన్నా. ఆయన నవ్వలేదు. "దేహం శాశ్వతం కాదని నాకూ తెలుసురా. హోమ్ లోన్ ఇంకా పద్నాలుగేళ్లుంది" అన్నాడు.

దారి పొడుగునా నాకు సిగ్గేసింది. కృష్ణుడు ఆ మాట దుఃఖంలో కూలబడిన మనిషికి, అదే రథం మీద పక్కనే ఉండి చెప్పాడు. నేను దాన్ని భయపడుతున్న మనిషి మీద కర్రలా వాడాను. నాకా అప్పు లేదు, ఆ గీతలూ లేవు.

ఇంతకీ బోటాక్స్ అంటే ఏంటి? ఒక బ్యాక్టీరియా తయారుచేసే బొటులినమ్ అనే విషం. దాన్ని అతి తక్కువ మోతాదులో కండరంలోకి ఎక్కిస్తారు. నరం నుంచి కండరానికి వెళ్లే సిగ్నల్ ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే పోర్ట్ బ్లాక్ చేసినట్టు. కండరం ముడుచుకోదు కాబట్టి గీత పడదు. మూడు నాలుగు నెలల్లో మళ్లీ మామూలే. ఇది మొదట అందం కోసం వచ్చింది కాదు. అమెరికాలో 1989లో మెల్లకన్నుకీ, కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకీ అనుమతి ఇచ్చారు. కనుబొమల మధ్య గీతలకి 2002లో ఇచ్చారు.

మరి తప్పా? పెళ్లికి ముందు జుట్టుకి రంగేసుకున్న బాబాయిని మనం పాపాత్ముడు అనం. మన గ్రంథాలు కూడా యౌవనం కోరుకున్న ప్రతివాడినీ తిట్టలేదు. భాగవతం నవమ స్కంధంలోనే చ్యవనుడి కథ ఉంది. ఆ ముసలి ఋషికి అశ్వినీ దేవతలు యౌవనం ఇచ్చారు, ఆయన బదులుగా వాళ్లకి యజ్ఞంలో సోమభాగం ఇప్పించాడు. యౌవనం పొందినందుకు అక్కడ ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో రసాయన చికిత్స ఒకటి, అది ముసలితనాన్ని వెనక్కి నెట్టడానికే కదా.

అదే స్కంధంలో యయాతి కూడా ఉన్నాడు. శుక్రాచార్యుడి శాపంతో ముసలివాడై, కొడుకులని యౌవనం అప్పుగా అడిగాడు. యదువు మొదలుకొని నలుగురు కుదరదన్నారు. చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్లు అనుభవించినా తనివి తీరలేదని తెలుసుకుని యయాతి దాన్ని కొడుక్కి తిరిగిచ్చేశాడు, రాజ్యంతో సహా. (ఈ కథకి మన పక్కనే ఒక చరిత్ర ఉంది. తొలి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ని పొన్నిగంటి తెలగనార్యుడు 16వ శతాబ్దంలో పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కి అంకితమిచ్చాడు.)

స్క్రిప్ట్‌లో నేను మామూలుగా అందరూ చెప్పేదే చెప్పా: బోటాక్స్ కోసం పరిగెత్తే మనమంతా యయాతులమని. క్లినిక్ వెయిటింగ్ హాల్లో కూర్చున్నాక అది తప్పనిపించింది. మా లీడ్ యయాతి కాదు. ఆయన పూరుడు. ఇరవై రెండేళ్లప్పుడు చేరి, అర్ధరాత్రి కాల్స్‌కి, రిలీజ్ వీకెండ్స్‌కి తన యౌవనం ఇచ్చేశాడు. కథలో పూరుడికి అది తిరిగొచ్చింది. ఇక్కడ తిరిగివ్వడం అనే మాటే లేదు, నాలుగు నెలలకోసారి సొంత డబ్బుతో కొనుక్కోవాలి. పైగా ఇచ్చినవాడినే "కొంచెం పెద్దవాడిలా ఉన్నాడే" అని చూస్తారు. సైబర్ టవర్స్ మొదలైంది 1998లో. ఆ రోజుల్లో డిగ్రీ అవగానే చేరినవాళ్లు ఇప్పుడు యాభైకి దగ్గర పడుతున్నారు. ఈ కారిడార్ ముసలితనాన్ని మొదటిసారి చూస్తోంది, దాన్ని ఎలా గౌరవించాలో ఇంకా దీనికి తెలియదు.

అందుకే ఆయన సూదిని నేను తప్పనలేను. తప్పు ఉంటే, నలభై రెండేళ్ల ముఖాన్ని దాచుకోవాల్సిన లోపంగా చూసే కళ్లలో ఉంది. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నప్పుడు నా కళ్లు కూడా అందులో ఉన్నాయి. పోయినేడాది ఒకాయన్ని "టీమ్‌కి సెట్ కాడేమో" అని నేనే రాశాను. ఎందుకో అప్పుడు నన్ను నేను అడగలేదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ తోడు రమ్మంటే వెళ్తాను. ఈసారి శ్లోకాలు చెప్పను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇరవైల్లోనే మొదలుపెడితే ముడతలు పడకుండానే ఆపొచ్చని అక్కడ కాగితం ఒకటి నా చేతిలో పెట్టారు. నాకు ఇరవై ఎనిమిది. రాత్రి రూమ్‌లో అద్దం ముందు కనుబొమలు ముడిచి చూసుకున్నా. తర్వాత వాళ్ల పేజీ తెరిచి పేరు, వయసు నింపాను. తేదీ దగ్గరికొచ్చేసరికి పదకొండున్నర అయింది. కాల్ మొదలైపోయిందని మూసేశాను.