తెలియదనడం ఎప్పుడు తప్పు?



విశ్వవిద్యాలయాలలో స్త్రీల స్థితిగతులను గురించి, సమాజంలోని హెచ్చుతగ్గులను గురించి పరిశోధనలు జరుగుతుంటాయి. వాటికి ప్రభుత్వ సొమ్ము, కొన్నిచోట్ల దాతల సొమ్ము ఖర్చవుతుంది. "ఆ డబ్బుతో నాలుగు కుట్టుమిషన్లు కొనిస్తే నలుగురు వితంతువులు బ్రతుకుతారు గదా ఫాదర్! ఆడవాళ్ళు కష్టపడుతున్నారని తెలుసుకోవడానికి పి.హెచ్.డి. చేయాలా?" అని మన విచారణ పెద్ద ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆకలిగొన్నవాని ఎదుట కూర్చుని ఆకలిమీద పుస్తకం వ్రాయడం ఎవరికీ శోభనివ్వదు. కాని ఆ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉన్నది. స్త్రీల కష్టం మనకు ముందే తెలుసునన్నది ఆ ఊహ. నిజంగా తెలుసునా?

కుటుంబ రిజిస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళినప్పుడు "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగి చూడండి. "ఏమీ చేయనండి ఫాదర్, ఇంటి దగ్గరే ఉంటాను" అంటుంది ఆ తల్లి. ఆమె నాలుగింటికే లేచి గేదె పాలు పితికింది. వంట చేసి, పిల్లలను బడికి పంపి, నాట్లకు పోయి, సాయంత్రం పుల్లల మోపుతో తిరిగి వచ్చింది. అయినా "ఏమీ చేయను" అనే చెబుతుంది. భర్త కూడా అదే చెబుతాడు. జనాభా లెక్కల గుమాస్తా అదే వ్రాసుకుంటాడు. ఇక్కడ అబద్ధమాడినవారు ఎవరూ లేరు, కాని కాగితం మీదికి ఎక్కింది మాత్రం అబద్ధం.

ఆర్థికశాస్త్రవేత్త దేవకీ జైన్ 1970వ దశకంలో తన సహచరులతో కలిసి రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాలలో ఒక పని చేశారు. మనుషులు ఏ గంటకు ఏ పని చేస్తున్నారో కనిపెట్టి వ్రాశారు. ప్రభుత్వ లెక్కలలో పని చేయనివారిగా నమోదైన స్త్రీలు, బాలికలు ఎందరో సంపాదనకు సాయపడే పనులే చేస్తున్నారని అందువల్ల బయటపడింది. ప్రభుత్వం ఈ పద్ధతిని 1998-99లో ఆరు రాష్ట్రాలలో పరీక్షించింది. 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారని, అందులో చేయి వేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. అసలు చేయి వేసే పురుషులే నూటికి 26 మంది. ఆడవాళ్ళకు పని ఎక్కువని మా అమ్మమ్మకూ తెలుసు, ఒప్పుకుంటాను. కాని బడ్జెట్టు వ్రాసేవారు అమ్మమ్మ మాట వినరు, అంకె వింటారు.

గురువిద్యాలయంలో నీతిశాస్త్రం చదివిన రోజులలో మాకు అజ్ఞానాన్ని గురించి ఒక పాఠం ఉండేది. పునీత అక్వినాసు తోమాసుగారు 'తెలియదు' అనే మాటను అంత తేలికగా వదిలిపెట్టరు. ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేనిది ఒకటి. అటువంటి అజ్ఞానం మనిషిని నిర్దోషిగా నిలుపుతుంది. తెలుసుకోగలిగి, తెలుసుకోవలసి ఉండి, అశ్రద్ధవల్ల తెలుసుకోనిది వేరొకటి. దానికి మనిషి జవాబుదారి. ఇంకొకటి ఉన్నది. తెలిస్తే మారవలసి వస్తుందని, తెలియకుండా ఉండటాన్నే కోరుకోవడం. ఇది దోషాన్ని తగ్గించదు సరిగదా, పెంచుతుంది. ఒక మనిషికి వర్తించే ఈ నియమం ఒక సమాజానికి ఎందుకు వర్తించదు? మనిషి తనను తాను తెలుసుకోవడానికి ఆత్మపరిశీలన చేసుకుంటాడు. లక్షల మంది ఉన్న సమాజం కళ్ళు మూసుకుని ఆత్మపరిశీలన చేసుకోలేదు. ఎవరో ఊరూరా తిరిగి అడగాలి, వ్రాయాలి, సరిచూడాలి. పరిశోధన అంటే నా దృష్టిలో అదే.

1971లో కేంద్ర ప్రభుత్వం స్త్రీల స్థితిగతుల పరిశీలనకు ఒక కమిటీని నియమించింది. ఫూల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1974లో 'సమానత్వం దిశగా' అన్న అర్థం వచ్చే పేరుతో నివేదిక వచ్చింది. 1901లో వెయ్యిమంది పురుషులకు 972 మంది ఉన్న స్త్రీలు 1971 నాటికి 930కి తగ్గిపోయారని అది ఎత్తి చూపింది. రాజ్యాంగం సమానత్వం ఇచ్చింది గదా, అంతా సర్దుకుంటున్నదని నమ్మిన విద్యావంతులను ఆ నివేదిక కలవరపరిచింది. బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో 1974లోనే స్త్రీల అధ్యయన కేంద్రం వెలిసింది. 1980వ దశకంలో యు.జి.సి. సహాయంతో ఇతర విశ్వవిద్యాలయాలలోనూ కేంద్రాలు వచ్చాయి. మన హైదరాబాదులో 1985లో 'అన్వేషి' మొదలైంది. ఇదంతా పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకున్న వ్యవహారమనే వారు ఈ చరిత్రను ఒకసారి చూడాలి.

"వీళ్ళు కుటుంబాన్ని విడదీస్తారు ఫాదర్" అనే భయం కూడా మన ఇళ్ళలో ఉన్నది. ఆ రంగంలో నేను అంగీకరించని వాదాలు ఉన్నాయి, దాచను. కాని భయపడేవారిని ఒకటి అడుగుతాను. కడుపులోని బిడ్డ ఆడపిల్ల అని తెలిసి చంపివేస్తున్నారన్న సంగతిని లెక్కలతో బయటపెట్టింది ఎవరు? అమర్త్య సేన్ 1990లో ఒక వ్యాసం వ్రాస్తూ ప్రపంచంలో పది కోట్లకు పైగా స్త్రీలు 'కనిపించకుండా పోయారు' అన్నారు. మన దేశంలో లింగ నిర్ధారణ పరీక్షలను అరికట్టే చట్టం 1994లో వచ్చింది. అయినా ఆరేండ్ల లోపు పిల్లలలో వెయ్యిమంది బాలురకు 1991లో 945 మంది ఉన్న బాలికలు 2001లో 927 మందే మిగిలారు. 2011లో ఇంకా తగ్గారు. ప్రాణం పవిత్రమని పీఠంమీద నుండి బోధించే మాకు ఈ అంకెలు అందించింది ఆ పరిశోధకులే.

ఇక ఆస్తి సంగతి. పాత నిబంధనలో సంఖ్యాకాండము 27వ అధ్యాయం తీసి చూడండి. కుమారులు లేకుండా చనిపోయిన సెలోఫెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తండ్రి వాటా తమకు ఇమ్మని అడిగారు. మోషే వారిని గదమాయించలేదు. ఆ సంగతిని దేవుని సన్నిధికి కొనిపోయాడు. వారు అడిగినది న్యాయమేనని తేలింది, ధర్మశాస్త్రంలో కొత్త నియమం వచ్చింది. మన మాటకు వస్తే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది కొడుకులకు, కూతుళ్ళకు సమానం. కేరళలో మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడి ఆ హక్కును తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు కూడా 1986లో సాధించి పెట్టారు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ఎంతమంది ఆడబిడ్డలకు ఆ వాటా అందింది? "కట్నం ఇచ్చాం గదా" అంటారు. చట్టం కట్నాన్ని 1961లోనే నిషేధించింది, వాటాను ఇమ్మన్నది. మనం నిషేధించినది ఇచ్చి, ఇమ్మన్నది ఎగవేస్తున్నాం!

ఆస్తికీ ఆడపిల్ల క్షేమానికీ సంబంధమేమిటి? ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో సుమారు ఐదు వందల మంది వివాహిత స్త్రీలను అడిగి తెలుసుకున్న విషయాలను 2005లో ప్రచురించారు. ఇల్లుగాని, భూమిగాని తన పేరున లేని స్త్రీలలో నూటికి 49 మంది భర్త చేత దెబ్బలు తిన్నారు. ఇల్లు, భూమి రెండూ ఉన్న స్త్రీలలో నూటికి ఏడుగురు. పోవడానికి తనదంటూ ఒక చోటు ఉన్న స్త్రీపై చేయి ఎత్తడానికి భర్త వెనుకాడతాడన్నది వారు చెప్పిన కారణాలలో ఒకటి. కుట్టుమిషను కొనిస్తే మంచిదే. కాని ఇంటి పట్టా ఎవరి పేరున ఉండాలన్న సంగతి ఇంత ముఖ్యమని ఎవరో అడిగి, వ్రాసి, లెక్కించకపోతే మన పెద్దాయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మన సొంత గుమ్మం దగ్గరి మాట కూడా చెప్పుకోవాలి. తెలుగు కథోలికులలో అధిక సంఖ్యాకులు దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. అందుచేత 2011 వరకు జరిగిన జనాభా లెక్కలలో దళిత క్రైస్తవ స్త్రీ అనే మనిషికి ప్రత్యేకమైన గడి లేదు. ఆమె ఎంత చదివింది, ఎంత కూలి వస్తున్నది, ఎన్నో కాన్పులో ప్రాణం పోయింది, ఆ లెక్కలలో దొరకదు. కులం చేత ఒకసారి, మతం చేత ఒకసారి, స్త్రీ కావడం చేత ఒకసారి లెక్కలోంచి జారిపోయిన ఆమె గురించి అడగడానికి విశ్వవిద్యాలయం నుండి ఎవరైనా వస్తామంటే మనం అడ్డు చెప్పడం ఏ ధర్మం? తొలి శ్రీసభలో గ్రీకు భాష మాట్లాడే వితంతువులకు అనుదిన పంపకంలో అన్యాయం జరుగుతున్నదని గొణుగుడు వచ్చినప్పుడు అపోస్తలులు దానిని శ్రీసభ పరువుకు భంగమని అణచివేయలేదు. విశ్వాసులందరినీ పిలిచి, ఏడుగురిని ఆ పనికే నియమించారు.

పరిశోధకులకూ ఒక మాట. వారు వస్తారు, రెండు గంటలు ప్రశ్నలు అడుగుతారు, ఫోటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. సిద్ధాంత గ్రంథం ఇంగ్లీషులో తయారై బీరువా చేరుతుంది. సమాచారమిచ్చిన తల్లికి ఒక్క ముక్క తెలియదు. ఆమె పొద్దు విలువైనది. ఆమె కూలి పోతుంది. తేలిన విషయాన్ని తెలుగులో, ఆ ఊరి రచ్చబండ దగ్గర ఆమెకు చదివి వినిపించాలన్న షరతుతోనే డబ్బు ఇవ్వాలని నా అభిప్రాయం. మన కథోలిక కళాశాలలు ముందుగా ఇది చేసి చూపవచ్చు.

ఎమ్.ఎ. పూర్తిచేసిన ఆడపిల్ల "నేను పరిశోధన చేస్తాను నాన్నా" అంటే "ఇంకెన్నాళ్ళు చదువు, సంబంధం చూశాం" అనకుండా రెండు మూడేండ్లు ఓపిక పట్టగల ఇళ్ళు ఉన్నాయా? పెండ్లి పందిరికి పెట్టే ఖర్చులో నాలుగో వంతు ఆమె ప్రయాణాలకు సరిపోతుంది. విచారణ స్థాయిలో ఒక విద్యార్థినికి సహాయనిధి పెట్టడం కష్టమైన పనేమీ కాదు. పండుగకు పిలిచే బ్యాండుమేళాన్ని కొంచెం తగ్గిస్తే చాలు. ఇక అటువంటి అమ్మాయి ఎవరైనా కాగితాలు పట్టుకుని మీ గడపకు వస్తే ఆమెకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. అడిగింది ఇంటి ఇల్లాలినైతే జవాబు ఇల్లాలినే చెప్పనివ్వండి. అన్నలారా, ఆ కాసేపు మీరు వీధి అరుగుమీద కూర్చోండి.