పెంచుకొన్న బిడ్డ

కన్నవారే తల్లిదండ్రులా, పెంచినవారును తల్లిదండ్రులేనా? ఈ ప్రశ్న మన కోటబొమ్మాళి పల్లెలకు క్రొత్తది కాదు. పెంచుకొన్న బిడ్డ ఎంత గారాబముగ పెరిగినను, పొలము పంచుకొను దినమున “వీడు మన రక్తము కాడు” అనువారు లేకపోలేదు.

సినిమా నటి సూర్యకాంతముగారిని ఎరుగని తెలుగువారు అరుదు. 1924లో కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురమున పుట్టిన ఆమె గయ్యాళి అత్త వేషములకు పేరుపొందిరి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో ఆమె సవతితల్లి; భర్త మొదటి భార్య కుమార్తెను పనికత్తెగ వాడుకొని, తన కడుపున పుట్టినదానిని నెత్తిన పెట్టుకొను తల్లి. ఆ నటన జనుల మనస్సులలో ఎంతగా నాటుకొనెననగా, ఆడపిల్లకు సూర్యకాంతమను పేరు పెట్టుటకే అనేకులు జంకిరి.

అయితే ఆమె ఇంటి సంగతి వేరు. 1950లో వివాహమైన ఆమెకు సంతానము కలుగలేదు. తోబుట్టువు కుమారుని దత్తత తీసికొని తన కుమారునిగ పెంచిరి. షూటింగులకు ఇంటినుండి వంటకములు తెచ్చి తోటివారికి కొసరి వడ్డించుట ఆమె అలవాటు. ఆమె 1994లో మరణించిరి. తెరమీద బిడ్డలమధ్య భేదము చూపిన స్త్రీ, ఇంట తాను కనని బిడ్డకు తల్లియాయెను.

తోబుట్టువు కొడుకైనప్పుడు అదియు రక్తబంధమే గదా అని కొందరందురు. నిజమే. గాని రక్తము అతనిని తోబుట్టువు కొడుకుగ మాత్రమే ఇచ్చెను. కుమారునిగ చేసినది ఆమె తీర్మానము. గుండమ్మకో, తల్లి అను పిలుపు ఉండియు తల్లితనము లేకపోయెను. కాబట్టి తల్లితనము పిలుపులో లేదు. పూటపూటకు అన్నము పెట్టుటలోను, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొనుటలోను ఉన్నది.

ఫరో కుమార్తె మోషే హెబ్రీయుల బిడ్డయని ఎరిగియే కుమారునిగ చేసికొనెను. తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై పెంచెను. వారి పుట్టుక పెంచినవారికి తెలిసియే యుండెను. తెలిసినందున ప్రేమ తగ్గలేదు. పౌలు దేవునితో మనకున్న బంధమును చెప్పుటకు ఎన్నుకొన్న మాటయు దత్తతయే. మనమే దత్తపుత్రులమని నమ్ముచు, పెంచుకొన్న బిడ్డను తక్కువగ చూచుట ఎట్లు?

ప్రేమతోపాటు న్యాయమును కావలెను. 1956నాటి హిందూ దత్తత చట్టము క్రైస్తవులకు వర్తింపదు. 1890నాటి గార్డియన్ల చట్టము సంరక్షణాధికారమునే ఇచ్చును గాని వారసత్వము ఇయ్యదు. అయితే 2015నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ఏ మతస్థులైనను దత్తత తీసికొనవచ్చును. ఆ బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులుండును. నోటిమాటతో తెచ్చుకొన్న బిడ్డకు ఈ కాపుదల లేదు. గనుక పెంచగోరువారు శ్రీకాకుళములోని జిల్లా బాలల సంరక్షణ విభాగమువారిని విచారించి, కాగితములు సక్రమముగ చేసికొనవలెను.

పెంచినవారు కన్నుమూసిన తరువాత పంపకమునకు కూర్చుండు పెద్దలలో మన సంఘస్థులును ఉందురు. ఆ దినమున ఆ బిడ్డ పక్షమున మాటలాడుటకు ఇప్పుడే మనస్సు సిద్ధపరచుకొందము.