నూటికి ముప్పై: ఇది గైబ్ జ్ఞానమా?

"మీ అబ్బాజాన్ రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరింది. బతికే అవకాశం నూటికి ముప్పై." అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలోనైనా, పాతబస్తీలోని ఏ చిన్న నర్సింగ్‌హోమ్‌లోనైనా ఐసీయూ తలుపు బయట నిలబడ్డ కొడుకులకు ఇలాంటి మాట వినబడుతూనే ఉంటుంది. విన్నవారిలో ఒకరు మండిపడతారు: "చావుబతుకులు అల్లాహ్ చేతిలో ఉన్నాయి. ముప్పై అని చెప్పడానికి ఈయనెవరు?" మరొకరు అక్కడే కూలబడిపోతారు. తండ్రి ఊపిరి ఆడుతుండగానే బంధువులకు చావు కబురు పంపే ఆలోచనలో పడతారు. మొదటివారికి ఆ అంకె దైవధిక్కారంగా కనబడింది, రెండోవారికి తీర్పుగా వినబడింది. అసలు ఆ అంకె ఎక్కడ నుంచి వచ్చిందో ఇద్దరూ అడగలేదు.

మూత్రనాళం నుంచో, ఊపిరితిత్తుల నుంచో, షుగరు రోగి కాలి పుండు నుంచో బ్యాక్టీరియా రక్తంలోకి దిగినప్పుడు శరీరం దానితో పోరాడుతుంది. ఆ పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలే దెబ్బతినడాన్ని సెప్సిస్ అంటారు. 2017లో ప్రపంచమంతటా సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందనీ, కోటీ 10 లక్షల మంది ఆ కారణంగా మరణించారనీ 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. ఎవరి పరిస్థితి ఎంత విషమంగా ఉందో తెలుసుకోవడానికి డాక్టర్లు కొన్ని కొలతలు పెట్టుకున్నారు. పిట్ స్కోరు అయిదు విషయాలను చూస్తుంది: జ్వరం, రక్తపోటు, స్పృహ, వెంటిలేటర్ అవసరం, గుండె ఆగిందా లేదా. మార్కులు 4కు చేరితే ప్రమాదం ఎక్కువని లెక్క. 1996లో వచ్చిన సోఫా స్కోరు (పేరు విని కూర్చునే సోఫా అనుకోకండి) ఊపిరితిత్తులు, గుండె–రక్తపోటు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు, రక్తంలోని ప్లేట్‌లెట్లు, ఈ ఆరింటికీ 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తుంది. మొత్తం 24. మార్కులు పెరిగేకొద్దీ ఆశ తగ్గుతుంది. ఇక్కడ ఒక ముఖ్య విషయం ఉంది. ఆ స్కోరును తయారు చేసినవారే అది రోగి స్థితిని వర్ణించడానికే గాని, మరణాన్ని ముందుగా చెప్పడానికి కాదని రాశారు. అంచనాలకు వాడటం తర్వాత వచ్చిన అలవాటు.

ఇందులో గైబ్ (అగోచరం) ఎక్కడుంది? ఏ ప్రాణి ఏ నేల మీద కన్నుమూస్తుందో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదని సూరా లుఖ్మాన్ చివరి ఆయతు స్పష్టం చేస్తోంది. జోస్యుల దగ్గరికి వెళ్ళవద్దని దైవప్రవక్త (స) గట్టిగా వారించారు. జోస్యుడు ఏ ఆధారమూ లేకుండానే జరగబోయేది తెలుసునంటాడు. డాక్టరు కళ్ళెదుట ఉన్న రక్తపోటును, మూత్రం పరిమాణాన్ని, రక్త పరీక్షను చూసి, ఇటువంటి స్థితిలో ఇంతకుముందు వచ్చిన వందమందిలో ఎందరు ఇంటికి వెళ్ళారో చెబుతున్నాడు. నూటికి ముప్పై అనడంలోనే, మీ తండ్రి ఆ ముప్పైలో ఉన్నారో డెబ్బైలో ఉన్నారో నాకు తెలియదన్న ఒప్పుకోలు దాగి ఉంది. గైబ్ తెలుసునన్నవాడు శాతాలు చెప్పడు.

మన ఫిఖ్‌హ్ పండితులకు ఇది కొత్త సంగతి కాదు. నిశ్చయ జ్ఞానం లేనిచోట బలమైన అంచనాను, అంటే 'గాలిబ్ గుమాన్'ను ఆధారం చేసుకుని తీర్పు చెప్పడం వారి పద్ధతి. ఉపవాసం ఉంటే జబ్బు ముదురుతుందని అనుభవజ్ఞుడైన వైద్యుడు చెబితే, ఆ అంచనా మీదే రోజా మినహాయింపు లభిస్తుంది. 'మరజుల్ మౌత్' (మరణవ్యాధి) అనే అధ్యాయం ఇంకా ఆలోచింపజేస్తుంది. సాధారణంగా ప్రాణం తీసే జబ్బులో మంచం పట్టినవాడు ఆస్తిని దానం చేస్తే ఆ దానం మూడో వంతు దాటకూడదు. వారసుల హక్కు అడ్డు వస్తుంది. కాని అతను కోలుకుని లేచాడనుకోండి, అది మరణవ్యాధి కానే కాదని తేలుతుంది, ఇచ్చినదంతా చెల్లుతుంది. చూడండి, షరీఅత్ అంచనాను లెక్కలోకి తీసుకుంది, అది తప్పే అవకాశాన్నీ విడిచిపెట్టలేదు.

ఆ మూడో వంతు హద్దుకు మూలం హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) సంఘటన. హిజ్రీ 10లో, దైవప్రవక్త (స) అంతిమ హజ్ సమయంలో ఆయన మక్కాలో జబ్బుపడ్డారు. మరణం ఖాయమనుకున్నారు. అప్పటికి ఆయనకు వారసురాలు ఒక్క కూతురే, ఆస్తి చాలా ఉంది. మూడింట రెండు వంతులు దానం చేయనా అని అడిగారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. సగం? అదీ వద్దన్నారు. మూడో వంతుకు అనుమతించి, అదే ఎక్కువ అన్నారు. బహుశా నీవు ఇంకా బతుకుతావని, నీ వల్ల కొందరికి మేలు కలుగుతుందని కూడా చెప్పారు. ఆ రోగి ఆ తర్వాత ఖాదిసియా యుద్ధంలో సేనాని అయ్యారు, నలభై ఏళ్ళకు పైగా జీవించారు. ఆరోజు ఆయన అంచనా తప్పింది, ఆయన వేసిన ప్రశ్నకు వచ్చిన సమాధానం మాత్రం పద్నాలుగు వందల ఏళ్ళుగా వారసులను కాపాడుతోంది.

మరి ఆ ముప్పైతో మనం చేయవలసింది ఏమిటి? ఇమామ్ గజాలీ (రహ్మ) హానిని తొలగించే సాధనాలను మూడుగా విభజించారు. మొదటిది ఫలితం నిశ్చితమైనది, దాహానికి నీళ్ళలాగా. రెండోది ఫలితం కలుగుతుందని బలంగా తోచేది, మందులు ఈ కోవలోకి వస్తాయి. మూడోది కేవలం ఊహ మీద నిలిచేది. మొదటిదాన్ని వదిలేయడం తవక్కుల్ (దైవంపై భరోసా) అనిపించుకోదు, ప్రాణభయం ఉంటే అది నిషిద్ధం కూడా. రెండోదాన్ని వదిలితే పాపమని అనలేదు. ఇప్పుడు టైఫాయిడ్‌ను తీసుకోండి. ఇదీ రక్తంలో బ్యాక్టీరియా పాకే జబ్బే, పాతబస్తీ ఇళ్ళకు బాగా పరిచయమున్న జ్వరం. యాంటీబయాటిక్ లేని రోజుల్లో నూటికి పది నుంచి ఇరవైమంది దానికి బలయ్యేవారు. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చింది. నేడు సరైన మందు సకాలంలో పడితే మరణాలు సాధారణంగా నూటికి ఒకటి కంటే తక్కువ. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారు చేసిన టైఫాయిడ్ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా దొరికింది. మా తాతల కాలంలో రెండో కోవలో ఉన్న చికిత్స ఇప్పుడు మొదటి కోవ అంచుకు వచ్చి నిలిచింది. అంకె మారినప్పుడు మన బాధ్యత బరువూ మారింది. జ్వరంతో కాలిపోతున్న పిల్లవాడికి తావీజు ఒక్కటే కట్టి కూర్చున్న తల్లిదండ్రులు 'తఖ్దీర్' అన్న మాట చాటున దాక్కోలేరు.

చెడ్డ అంకెలో మన చేతులు కూడా ఉన్నాయన్నది చేదు నిజం. రక్తపోటు పడిపోయిన సెప్సిస్ రోగులపై 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, తొలి ఆరు గంటల్లో సరైన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. ఐసీయూ బయట వినబడే ముప్పై, ఒక రోజు ముందు ఎంత ఉండేదో! జ్వరం వచ్చిన నాడు మెడికల్ షాపులో చీటీ లేకుండా రెండు మాత్రలు కొనడం, తగ్గగానే మానేయడం, మళ్ళీ వస్తే ఇంకో రకం కొనడం మన గల్లీల్లో మామూలు. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లకు డాక్టరు చీటీ చూసి, రిజిస్టరులో రాసి ఇవ్వాలన్న నియమం 2014 నుంచి ఉంది. అమలు సంగతి పాఠకులకే తెలుసు. ఇలాంటి అలవాట్లు కూడా తోడై చివరి ఆయుధంగా దాచుకున్న మందులకు కూడా లొంగని క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా ఆసుపత్రుల్లో తిష్ఠ వేసింది. ప్లేగు సోకిన సిరియా సరిహద్దు నుంచి హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని ఆయన జవాబిచ్చారు. త్వరపడటం కూడా విధిలో భాగమే.

డాక్టర్లకూ ఒక మాట. ఈ స్కోర్లు ఎక్కువగా ఐరోపా, అమెరికా ఐసీయూలలోని రోగులను చూసి కట్టినవి. మూడు ఆసుపత్రులు తిరిగి, డబ్బులన్నీ అయ్యాక ఉస్మానియాకు చేరే రోగి ఆ గుంపులోనివాడు కాడు. ఆ ఆసుపత్రి సంగతీ తెలిసిందే. 2020 జూలైలో వార్డుల్లోకి వాననీరు వచ్చాక పాత కట్టడాన్ని ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. పడకలు తక్కువైనచోట తక్కువ అంకె వచ్చినవాడిని పక్కన పెట్టాలనిపించడం సహజం. కాని పేదవాడి అంకె తక్కువగా ఉండటానికి అతని పేదరికమే కారణమైతే, ఆ అంకెను చూపి పడక నిరాకరించడం ఒకే మనిషిని రెండుసార్లు శిక్షించడం అవుతుంది. స్కోరు ఒక్కసారి వేసి ఊరుకోకుండా, మందు పడ్డాక రెండో రోజు, మూడో రోజు మళ్ళీ వేసి చూడాలి. అంకె ఎటు కదులుతోందన్నది మొదటి అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

రోగికి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న మిగిలింది. మన ఇళ్ళలో కొడుకులకు, అల్లుళ్ళకు అంతా తెలుస్తుంది, స్పృహలో ఉన్న రోగికి మాత్రం "ఏం లేదు అబ్బా, రేపు ఇంటికి పోదాం" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని అతని మీద అప్పులుండవచ్చు, ఎవరిదైనా అమానత్ ఉండవచ్చు, క్షమాపణ అడగవలసిన తమ్ముడు ఉండవచ్చు. ఆశ తుంచకుండా, అబద్ధమాడకుండా చెప్పే మార్గం వెతకాలి.

హిజ్రీ 23లో హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోట్లకు గురైనప్పుడు ఆయనకు పాలు తాగించారు. పాలు గాయంలో నుంచి బయటకు వచ్చాయి. చూసిన వైద్యుడు, చేయవలసిన ఏర్పాట్లు చేసుకోమని దాచకుండా చెప్పాడు. ఖలీఫా కోపగించుకోలేదు, అతను నిజమే చెప్పాడన్నారు. కుమారుడు అబ్దుల్లాహ్‌ను పిలిచి తన అప్పు లెక్కకట్టమన్నారు. దాదాపు ఎనభై ఆరు వేలు తేలింది. ఏ ఆస్తి నుంచి తీర్చాలో, చాలకపోతే ఎవరిని అడగాలో వరుసగా చెప్పారు. తర్వాతి ఖలీఫాను ఎన్నుకునే బాధ్యత ఆరుగురికి అప్పగించారు. దైవప్రవక్త (స) పక్కన ఖననం కావడానికి హజ్రత్ ఆయిషా (రజి) అనుమతి కోరమని కుమారుణ్ణి పంపుతూ, విశ్వాసుల నాయకుడు అడుగుతున్నాడని అనవద్దు, ఈరోజు నేను నాయకుణ్ణి కాను, ఉమర్ అడుగుతున్నాడని చెప్పు అన్నారు. ఆమె ఒప్పుకున్నారు. అయినా తన జనాజా గుమ్మం దాకా వెళ్ళాక మరోసారి అనుమతి అడగాలనీ, ఆమె కాదంటే తనను సాధారణ ముస్లిముల ఖబరస్తాన్‌కే తీసుకువెళ్ళాలనీ చెప్పి కన్నుమూశారు.