చూసినవాళ్లకు బాకీ ఉండదా?

మన గూడేలకు టీవీ కొత్త కాదు. ఇళ్ల మీద డిష్ గొడుగులు లేచి చాలా ఏళ్లయింది. ఆ టీవీలో ఇప్పుడు యూట్యూబ్ రావడమే కొత్త. కొందరి ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంది, కొందరి ఇంట్లో పాత టీవీ వెనక చిన్న స్టిక్కు పెట్టుకున్నారు. ఇంకొందరి ఇంట్లో కొడుకు ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితేనే బొమ్మ కదులుతుంది. సిగ్నల్ ఆగినప్పుడు తెర మీద గుండ్రం తిరుగుతుంటే ముసలివాళ్లు దాన్ని కూడా ఓపిగ్గా చూస్తూ కూర్చుంటారు.

ఫోన్‌లో చూడటం వేరు, ముందుగదిలో టీవీలో చూడటం వేరు. ఫోన్ ఒక్కరి చేతిలో ఉంటుంది. అందులో ఏం చూశాడో వాడికే తెలుసు. టీవీ ముందు తాత ఉంటాడు, కొత్త కోడలు ఉంటుంది, పక్కింటి పిల్లలు ఉంటారు, పని మీద వచ్చిన చుట్టం ఉంటాడు. ఆ గదిలోకి ఏది వచ్చినా అందరి ముందుకూ వస్తుంది. అందుకే ఇది ఒకరి ఇష్టాయిష్టాల సంగతి కాదు, ఇంటి సంగతి అనుకుంటున్నాం. మేము అడగదలచిన ప్రశ్న ఒక్కటే. చూసినందుకు చూసినవాళ్లు ఎవరికీ ఏమీ బాకీ పడరా?

ముందు మంచి చెప్పాలి. గోండి మాట్లాడే మనం తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ మధ్య చీలిపోయి ఉన్నాం. ఒకచోట పిల్లలు తెలుగులో చదువుతారు, ఒకచోట మరాఠీలో, ఇంకొకచోట హిందీలో. ఉట్నూరు వైపు గూడెంలో కూర్చున్న అవ్వ ఇప్పుడు గడ్చిరోలి పాట వింటుంది. మాటలో తేడా పట్టుకుని, వాళ్లు ఇట్లా అంటారా అని నవ్వుకుంటుంది. సరిహద్దు గీసినప్పుడు తెగిన చుట్టరికం కొంచెం అతుక్కున్నట్టే. కానీ ఆ పాట పెట్టమని అవ్వ రిమోట్ మైకులో గోండిలో అడిగితే అది తెలుగనుకుని ఏదో సినిమా పాట తెస్తుంది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. రిమోట్‌కు మాత్రం మన మాట ఇంకా అందలేదు.

ఇక బాకీ సంగతి. దండారి దినాల్లో ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి మర్యాద చేస్తారు, తిండి పెడతారు. తర్వాత వీళ్ల జట్టు వాళ్ల ఊరికి పోతుంది. అక్కడ ఊరికే చూసిపోయేవాడు ఉండడు. చూసినవాడు అతిథినైనా కావాలి, ఆతిథ్యం ఇచ్చినవాడైనా కావాలి. గుస్సాడీ ఒంటికి బూడిద పూసుకుని, నెమలి ఈకల టోపీ ఎత్తుకుంటే, ఆ దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు, నేల మీదే పడుకుంటాడు. ఆటకు ముందూ వెనకా అంత నియమం ఉంది. ప్రధాన్ కిక్రి వాయించి పెర్సాపేన్ కథ చెప్తే వినే ఇల్లు ఆయనకు ధాన్యమో, బట్టో, పశువో ఇచ్చుకుంటుంది. అది దానం కాదు, ఆయన హక్కు.

నాగోబా దగ్గర ఇది ఇంకా గట్టిగా ఉంది. కేస్లాపూర్ జాతర పుష్యమాసం అమావాస్య నాడు మొదలవుతుంది. అంతకుముందే మేస్రం వంశంవాళ్లు గోదావరి దాకా కాలినడకన పోయి నీళ్లు తెస్తారు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడలు భేటింగ్ అయ్యాకే నాగోబా పూజలో పాలుపంచుకుంటుంది. అంటే దేవుడి ముందుకు రావడానికి కాళ్లూ కావాలి, చుట్టరికమూ కావాలి, పెద్దలు చేయిపట్టి తీసుకుపోవడమూ కావాలి.

టీవీకి ఇవేవీ అక్కర్లేదు. అదే దండారి, అదే జాతర, సీరియల్‌కూ క్రికెట్‌కూ మధ్య వచ్చి పోతాయి. నడక లేదు, ధాన్యం లేదు, తిరిగి మర్యాద చేసే పని లేదు. అయితే బాకీ నిజంగా లేకుండా పోయిందా? అది మరొకరికి చేరుతోందని మా అనుమానం. యూట్యూబ్‌లో ఒక ఛానల్‌కు పూర్తిస్థాయిలో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు కావాలి, ఏడాదిలో 4000 గంటలు జనం చూసి ఉండాలి (చిన్న షార్ట్‌లకు వేరే లెక్క ఉంది). ఆ గంటలు ఎవరివి? మనవి కూడా. మన ఆటను తీసుకుపోయి "వింత ఆచారం" అని పేరుపెట్టినవాడి వీడియో మన ముందుగదిలోనే నడుస్తుంది. మనవాళ్లు కనిపిస్తారేమోనని మనమే చివరిదాకా చూస్తాం. ఆ ఊరి పేరు ఉండదు, డోలు కొట్టినవాడి పేరు ఉండదు. మనల్ని వింతగా చూపించినవాడికి కూలి మనమే ఇస్తున్నాం.

దాని వెనకే ఇంకొకటి దానంతటదే వస్తుంది. ఆకులు చుట్టుకుని, తలకు ఈకలు పెట్టుకుని, అర్థంలేని అరుపులు అరిచే సినిమా పాట అది. మా బడిలో నాలుగో తరగతి పిల్లవాడు అడిగాడు, "సార్, మనం అట్లా అరుస్తమా?" మీ తాత ఎప్పుడన్నా అరిచిండా అని అడిగితే కాసేపు ఆలోచించాడు. "లేదు సార్, తాత మెల్లగ మాట్లాడతడు" అన్నాడు. వాడికి తాత ఉన్నాడు కాబట్టి సరిపోయింది. హాస్టల్లో పెరిగి, ఏడాదికి రెండుసార్లు ఇంటికొచ్చే పిల్లకు ఆ పాటను దేనితో పోల్చుకోవాలో ఎట్లా తెలుస్తుంది?

మన యువకులు దీనికి జవాబు చెప్తారు, అది తీసేయదగ్గది కాదు. దాచుకుంటే చచ్చిపోతుంది సార్, అంటారు. మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆట ఊరు దాటి పోకపోతే వచ్చేదా? 2024లో ఆయన పోయారు. ఆయన అడుగు ఎట్లా పడేదో ఇకమీద పుట్టే పిల్లలు తెర మీద చూడాల్సిందే. ఇది నిజం. మన ముఖాలు బయటికి పోవడం ఇప్పటి పని కూడా కాదు. 1940లలో హైమండార్ఫ్ అదే మార్లవాయిలో ఉండి తీసిన మన తాతల ఫొటోలు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయ సంస్థలో ఉన్నాయి. కానీ ఆయన గోండి నేర్చుకున్నాడు, మనవాళ్లను టీచర్లను చేసే శిక్షణ కేంద్రానికి ఆ ఊళ్లో దారి వేశాడు. తీసుకుపోయిన మనిషి కొంత తిరిగి ఇచ్చాడు. ఒక్క పూట బైకు మీద వచ్చి పోయేవాడిని ఆ పక్కన నిలబెట్టి చూడండి.

అండమాన్‌లో జరావాల వీడియోల మీద గొడవైనప్పుడు ప్రభుత్వం 2012లో అక్కడి నియమాలను సవరించి శిక్షలు పెంచింది. మనకు అట్లాంటి చట్టం కావాలని మేము అనడం లేదు. మనం రోడ్డు పక్కన, ఫోన్ చేతిలో పెట్టుకుని బతుకుతున్నవాళ్లం. కెమెరా పట్టుకునేది కూడా సగంసార్లు మన పిల్లలే. బయటివాడికి అడ్డు చెప్పే చట్టం మన పిల్లలకు ఏం చెప్తుంది?

ఇంకో జవాబు చదువుకున్న ఆడపిల్లల నుంచి వస్తోంది. ఎవరు చూడాలో, ఎవరు ఆగాలో చెప్పేది ఎప్పుడూ మగపెద్దలేనా అంటున్నారు. ఈ మాట న్యాయమైనదే అంటాం. నియమం మారాలంటే అది మార్చాల్సింది ఆ వంశం ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి కూర్చుని. ఏ పట్టణం నుంచో వచ్చిన కెమెరా, ఎవరినీ అడగకుండా, ఒక్క క్లిక్కుతో ఆ పని చేసేస్తే అందులో ఆ ఆడపిల్లల మాట ఎక్కడుంది? పెద్దలూ వాళ్లను అడగలేదు, కెమెరావాడూ అడగలేదు.

మా టీచర్లలో కొందరు ఇళ్లలో చిన్న పనులు మొదలుపెట్టారు. దానంతటదే ఇంకో వీడియో నడిచే సెట్టింగ్ ఆపేశారు. తాత గదిలో ఉన్నప్పుడే మన ఆటల వీడియోలు పెడుతున్నారు. ఆయన మధ్యలో ఆపించి, ఆ దరువు అది కాదు అని చెప్తాడు, పిల్లలు చిరాకుపడతారు. చిరాకుపడినా వింటున్నారు. వీడియో తీసే యువకులతో, ముందు పటేల్‌నూ దేవారినీ అడగండి, ఊరి పేరూ వాయించినవాళ్ల పేర్లూ రాయండి, డబ్బు వస్తే జట్టుకు చెప్పి పంచండి అంటున్నాం. కొందరు చేస్తున్నారు. కొందరు, సార్, మాకు యాభై మంది కూడా చూడరు, ఏం డబ్బు అని నవ్వుతున్నారు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో జాతర వీడియో నడుస్తుంటే, ఇంకా భేటింగ్ కాని కోడలు లేచి లోపలికి పోయింది. ఎవరూ పొమ్మనలేదు. తెర మీద చూస్తే చూసినట్టా కాదా అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, మాకూ తెలియదు. ఈసారి రాయిసెంటర్ కూర్చున్నప్పుడు భూమి తగాదాలు, పెళ్లి తగాదాలతోపాటు ఈ సంగతి కూడా పెట్టమని సార్మెడిని అడిగాం. పెడతానన్నాడు. ఆ రోజు కోడళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టమన్నాం. దానికి ఇంకా జవాబు రాలేదు.