పక్కన కూర్చున్నవారి మాట

బిడ్డలను పెంచుతున్నవారికీ, నిన్నటిదాకా తామూ బిడ్డలమేనని మరచిపోయిన యువకులకూ ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. కటువుగా తోచినచోట ముసలి మేష్టారి చాదస్తమనుకోండి. కాని చివరిదాకా వినండి.

నా చిన్నతనంలో మా ఊరి అమ్మవారి సంబరానికి జముకుల కథ చెప్పించేవారు. పెట్రోమాక్సు దీపం కింద కథకుడు జముకు మీటుతుంటే ఆ మోత నేలలోంచి పుట్టి కడుపులోకి ఎక్కేది. ఒక రాత్రి కథలో రక్కసుడు పసిబిడ్డను ఎత్తుకుపోయే ఘట్టం వచ్చింది. నేను మా అమ్మమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "కతరా గుంటడా, కత. ఆ రాచ్చసుడు మన పక్కూరోడే. రేపు పొద్దున్న గేదిల్ని తోలుకెల్తాడు, నువ్వే సూస్తావు" అంది. మర్నాడు ఆ రక్కసుడు నిజంగానే చెరువుగట్టు మీద గేదెల వెనక నడిచిపోయాడు. నన్ను చూసి నవ్వాడు కూడా.

తరవాత నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, చాలా పుస్తకాలు చదివాను. కథేదో, నిజమేదో, భయపడవలసింది ఎక్కడో, నవ్వవలసింది ఎక్కడో ఆ ఒక్క మాట నేర్పినంత ఏదీ నేర్పలేదు. నా ఆవేదనంతా ఇవాళ ఆ మాట గురించే. బొమ్మల కథలు టీవీలోకి వచ్చాయని నాకు దుఃఖం లేదు. ఆట అరచేతిలోకి, రాజకీయం జేబులోకి వచ్చాయనీ దుఃఖం లేదు. చూస్తున్నవాడి పక్కన ఎవరూ లేరే అన్నదే దుఃఖం.

ఈ నేల మీద ఏ వేడుకనూ మనవారు ఒంటరిగా చూసి ఎరగరు. తూర్పు భాగవతం తెల్లవార్లూ సాగేది. సత్యభామ జడ విసురుతుంటే ముందు వరసలో ముసలమ్మలు ఆమెకు బుద్ధులు చెప్పేవారు. తప్పెటగుళ్ళవారిలో ఎవరైనా అడుగు తప్పితే జనం పేరు పెట్టి కేకవేసేవారు. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరాన్ని హరికథకు పుట్టిల్లు చేశారు. ఆ హరికథలో కథ ఎంతో, కథను ఆపి సభతో మాట్లాడే పిట్టకథ అంత.

భారతంలో వ్యాసుడు యుద్ధం చూసే కళ్ళిస్తానంటే ధృతరాష్ట్రుడు వద్దన్నాడు, విని ఊరుకుంటానన్నాడు. ఆ చూపు సంజయుడికి దక్కింది. సంజయుడు ఆనాటి టీవీ అని మనం సరదాగా చెప్పుకుంటాం. ఆ సరదా అతనికి అన్యాయం చేస్తుంది. అతడు చూసినది చెప్పి ఊరుకోలేదు. ఈ చావులకు మూలం నీ లోభమేనని రాజు మొహాన చెబుతూ చెప్పాడు. మన గోడకు తగిలించుకున్న పెట్టెకు ఆ ధర్మం తెలియదు. అది మందలించదు, ఆగదు. ఆకలి ఉందో లేదో చూడకుండా వడ్డిస్తూనే ఉంటుంది.

మా వీధిలో అయిదేళ్ళ పిల్లవాడికి ఛోటా భీమ్ బొమ్మల కథలోని ఢోలక్‌పూర్‌లో ఎవరి ఇల్లెక్కడో తెలుసు. లడ్డూ తింటే భీముడికి బలం వస్తుందనీ తెలుసు. ఆ ఛోటా భీమ్ మన హైదరాబాదులోనే, గ్రీన్ గోల్డ్ సంస్థలో రాజీవ్ చిలక చేతుల మీదుగా పుట్టి, 2008 నుంచి దేశంలోని పిల్లలందరికీ చుట్టమయ్యాడు. సంతోషించవలసిన సంగతే. అయితే మనకు ఇంకొక భీముడున్నాడు. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన వీరఘట్టంవాడు, కోడి రామమూర్తి నాయుడు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. దాని పక్కనుంచి రోజూ బడికి వెళ్ళే ఒక పిల్లవాణ్ణి ఆయనెవరురా అని అడిగాను. "క్రికెట్ ఆడేవాడా?" అన్నాడు. వాడి తప్పేముంది? లడ్డూ మింగితే బలం రాదు నాయనా, ఆ బలం వెనక చీకటితో లేచి చేసిన సాము ఉంది, తీసిన దండీలు ఉన్నాయి అని చెప్పే నోరు వాడి పక్కన లేదు. ఆ నోరు నీది. నువ్వా వేళకు పక్కగదిలో నీ ఫోను చూసుకుంటున్నావు.

రెండేళ్ళలోపు బిడ్డకు తెర అసలే వద్దని, నాలుగేళ్ళదాకా రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్ళల్లో అన్నప్రాశన అయిన మర్నాటి నుంచే ముద్ద తెర ముందు మొదలవుతోంది. మీ అమ్మ చందమామను చూపించి తినిపించలేదా అని నన్ను మీరు అడగవచ్చు. చూపించింది. చూపించిన వేలు ఆమెదే, తినిపించిన చెయ్యీ ఆమెదే, మధ్యలో అబద్ధాలు కల్పించి చెప్పిన నోరూ ఆమెదే.

"మా రెండేళ్ళది ఫోను తనంతట తనే తెరిచేస్తుందండీ" అని మురిసే తల్లిని చూసినప్పుడల్లా నాకు కన్యాశుల్కంలో వెంకటేశం తల్లి గుర్తొస్తుంది. కొడుకూ, వాడికి చదువు చెబుతానని వచ్చిన గిరీశమూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే విని ఆమె పొంగిపోతుంది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు. అందులో సరుకు లేదనీ తెలియదు. కుర్రవాడు పరీక్ష తప్పాడని అసలే తెలియదు. ఇంట్లోకి వచ్చినవాడు మాటకారి కనుక గొప్పవాడనుకుంది, ఆసనం వేసింది. జగన్నాథ విలాసినీ సభ వారు 1892లో విజయనగరంలో ఆ నాటకం ఆడినప్పుడు జనం గిరీశాన్ని కలిసి చూశారు, కలిసి నవ్వారు, నవ్వడంలో వాణ్ణి పోల్చుకున్నారు. నేడు వాడు ఒక్కొక్క పిల్లవాడి దగ్గరికి విడివిడిగా వస్తున్నాడు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క వేషంలో. పోల్చుకునేదెవరు?

భాష సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టిన శ్రీకాకుళం జిల్లా ఇది. ఆగస్టు 29న ఆయన పటానికి దండలు వేస్తాం. ఆ సాయంత్రమే మన పిల్లలు ఏ ఊరిదీ కాని తెలుగులో అరిచే బొమ్మల ముందు కూర్చుంటారు. పిల్లవాడు "ఏటి" అనడం మానేసి "ఓహ్, ఏమైంది మిత్రమా" అంటే మనం నవ్వుకుంటాం. ఎవరు ఎక్కువసేపు పక్కనుంటే వారి భాషే వస్తుంది. అందులో నవ్వవలసిందేమీ లేదు.

ఇక ఆటలు. ఆడడం పాపమని నా నోట రాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఊరికి బరువులెత్తే పిల్లలవల్లే పేరు వచ్చింది. బరువెత్తేవాళ్ళను ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ఎత్తేవాడి వెనక గురువు నిలబడి ఉంటాడు. మోకాలు వణికితే "ఒదిలీ" అని కేకవేస్తాడు. బారు కింద పడుతుంది, పిల్లవాడు మిగులుతాడు.

ఫోను ఆటలో ఆ కేక లేదు. వదలనివ్వకుండా దాన్ని మలిచినవాడు మాత్రం ఎక్కడో కూర్చుని జీతం తీసుకుంటున్నాడు. కేంద్రం 2020 సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించింది. మరుసటి ఏడాదికే అది పేరు మార్చుకుని వచ్చింది, పిల్లలు దానితోపాటే వెళ్ళారు. చైనావారు 2021లో పద్దెనిమిదేళ్ళలోపు వారికి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే ఆన్‌లైన్ ఆట అన్నారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్నారు. మంచిదే, ప్రయత్నించనివ్వండి. రాజశాసనం మన వీధిగుమ్మం దాకా వస్తుంది. దుప్పటి లోపలికి రాదు.

దుప్పటి అన్నాను కనుక ఈ సంగతి చెప్పాలి. నా దగ్గర చదువుకున్న ఒక యువకుడు కొన్నేళ్ళ క్రితం ఇంటికి వచ్చి అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. చెల్లెలి పెళ్ళికని దాచిన సొమ్ము ఫోనులో రమ్మీ ఆడి పోగొట్టాడు. అది పోయాక రాబట్టుకోవడానికని అప్పు చేసి ఆడాడు. "ఎప్పుడు ఆడేవాడివిరా?" అని అడిగాను. "అందరూ పడుకున్నాక, మేష్టారూ" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అలాంటి ఆట నడిపేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, వాణ్ణి మోసపోయినవాడిగానే ఎంచింది. ధర్మరాజు నిండు సభలో ఆడి కూడా ఓడిపోయాడు కదా, పక్కన జనం ఉండి ఏం లాభం అని మీరు నన్ను నిలదీయవచ్చు. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఆ సభలో విదురుడు లేచి నిలబడ్డాడు. పాచికలు వేసే చెయ్యి దుర్యోధనుడిది కాదు, శకునిదని అందరూ కళ్ళారా చూశారు. అర్ధరాత్రి దుప్పటిలో శకుని చెయ్యి కనబడదు. విదురుడు పక్కగదిలో గురక పెడుతూ ఉంటాడు.

రాజకీయం మాట ఎత్తితే ఏ పార్టీవాడివని అడుగుతారు. నేనెవరికి ఓటేస్తానో నా భార్యకే చెప్పను. చెప్పదలచింది వేరు. 1960ల చివర ఇదే శ్రీకాకుళం ప్రాంతంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథనే తన విప్లవ రాజకీయానికి వాహనం చేసుకుని ఊరూరా తిరిగాడు. 1969 డిసెంబరులో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన నమ్మిన దారి మీకు సమ్మతం కావచ్చు, కాకపోవచ్చు. ఆయన మాట మాత్రం దీపం వెలుగులో, పదిమంది మధ్య, చెప్పేవాడి ముఖం వినేవాడికి కనబడుతుండగా చెప్పిన మాట. వినేవాడు లేచి "అదెలగ?" అని అడగగలడు. చెప్పేవాడు తడబడితే అందరూ చూస్తారు.

ఫోనులో వచ్చే మాటకు ఆ ముఖం లేదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని ఫోన్లలో ఒక పుకారు పాకింది. తెలుగు నేల మీద దారిన పోయేవాళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. ఆ జులైలో వాట్సాప్ వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టారు. కొట్టినవాళ్ళలో చాలామంది దుర్మార్గులై ఉండరు. బిడ్డలున్నవాళ్ళు, భయపడినవాళ్ళు. చిన్నప్పుడు కొంగులో ముఖం దాచుకున్న నాకూ వాళ్ళకూ తేడా ఒక్కటే: "కతరా, కత" అని వీపు మీద చెయ్యి వేసేవారు వాళ్ళకు లేకపోయారు.

పద్దెనిమిదేళ్ళకే ఓటు చేతికి వచ్చిన తమ్ముళ్ళారా, మీకిదే చెబుతున్నాను. మీ నాయకుణ్ణి పొగిడేదో, ఎదుటివాణ్ణి తిట్టేదో ఒక వీడియో వచ్చిందా? ఇంకొకరికి పంపేముందు ఇంట్లో పైకి పెట్టి వినిపించండి. మీ అమ్మ వినేటప్పుడు ఆమె ముఖం చూడండి. ఆమె ముందు వినిపించడానికి సిగ్గేసినదాన్ని అక్కడే తుడిచెయ్యండి. ఎన్నికలయ్యాక నాయకులు ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వెళతారు. మీరు మాత్రం ఒకే చూరు కింద అన్నతో మాటలు మాని కూర్చుంటున్నారు.

ఇన్ని చెప్పి ఫోనును పాపమన్నానని అనుకోవద్దు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోను మూగబోయింది. చెన్నైలో, హైదరాబాదులో తాపీ పనికి, మోత పనికి వెళ్ళిన తండ్రులు తమ పిల్లలు బతికున్నారో లేదో తెలియక ఎలా తల్లడిల్లారో ఆ తరవాత వాళ్ళ నోటనే విన్నాను. గుజరాత్ దాకా చేపల వేటకు వెళ్ళే గంగపుత్రుల ఇళ్ళల్లో ఆ చిన్న తెరే నాన్న ముఖం. దాన్ని సముద్రంలో పారెయ్యమనే హక్కు నాకు లేదు.

అందుకే చివరగా దూరాన ఉన్న ఆ తండ్రితోనే మాట్లాడతాను. నాయనా, పని దిగి, స్నానం చేసి, రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వీడియో ఫోను చేస్తావు. "అన్నం తిన్నావురా? బడికెళ్ళావురా?" అంటావు. వాడు "ఊ" అంటాడు. వాడి కళ్ళు నీ భుజం మీదుగా టీవీలో బొమ్మల మీద ఉంటాయి. నీకది తెలుస్తూనే ఉంటుంది. రేపు ఆ రెండు ప్రశ్నలూ మాను. ఫోను టీవీ వైపు తిప్పమను. "ఆడెవడ్రా? ఎందుకలగ ఏడుస్తన్నాడు?" అని అడిగి ఊరుకో. వాడే జరిగి, ఫోనును గోడకు ఆనించి, మొదటినుంచీ చెప్పుకొస్తాడు.