పుట్టిన వజ్రం, పుట్టించిన వజ్రం

నిశ్చితార్థపు ఉంగరంలో పొదిగించే వజ్రం భూమిలో దొరికినదే కావాలా, ప్రయోగశాలలో తయారైనదైనా ఫరవాలేదా అని హార్స్లీ కొండల దిగువ మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల నుండి బెంగళూరు వెళ్ళి పనిచేస్తున్న మన యువకులు ఈమధ్య అడుగుతున్నారు. అడిగేది ధర గురించే అయినా, లోపలున్నది సత్యాన్ని గూర్చిన ప్రశ్న. తయారైనది నకిలీయే అయితే, దానిని వధువు వేలికి తొడగటం అబద్ధంతో కాపురం మొదలుపెట్టటమే గదా!

ముందు వస్తువు సంగతి చూద్దాం. వజ్రమంటే స్ఫటిక రూపంలోని కార్బన్. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రజ్ఞులు అధిక వేడిమి, ఒత్తిడులతో దానిని తయారుచేశారు. నేడు మన సూరత్‌లో వాయువు నుండి పొరలు పొరలుగా పెంచుతున్నారు. అది గాజు కాదు, జిర్కోనియా కాదు. కంటికి తేడా తెలియదు. అంగళ్ళలో వేడినిబట్టి పరీక్షించే చిన్న పరికరం రెండింటినీ వజ్రమనే చెబుతుంది. బరువు, కోత, రంగు, స్వచ్ఛత అనే నాలుగు కొలతలూ రెండింటికీ వర్తిస్తాయి. (ఇక్కడ కారట్ అంటే 200 మిల్లీగ్రాముల బరువు, బంగారపు 22 కారట్లతో కలిపి తికమకపడేవారు ఇంకా ఉన్నారు.)

దీనికి దగ్గరి ప్రశ్ననే 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు విచారించారు. రసవాదులు చేసిన బంగారాన్ని బంగారమని అమ్మవచ్చునా? బంగారపు గుణాలు లేనిదైతే మోసమే. నిజమైన బంగారమే చేయగలిగితే తప్పులేదు. ప్రకృతి కారణాలనే వాడుకొని నిజమైన ఫలితాన్ని రాబట్టడానికి మనిషి నేర్పుకు అడ్డేమీ లేదని ఆయన సమాధానం. కనుక తయారైన వజ్రం వజ్రమే.

అయితే అది గనిలోని దాని ధరలో కొద్ది భాగానికే వస్తుంది. "కారట్ వజ్రం పెట్టాం" అని చెప్పి, అవతలివారు గనిలోదనుకుంటూంటే ఊరకుండవచ్చునా? సరుకులో దాగిన లోపాన్ని అమ్మేవాడు చెప్పాలని అదే గ్రంథంలో ఉంది. ఇది లోపమే కాదని వాదించవచ్చు. కాకపోయినా, తెలిస్తే వారు వేరుగా ఎంచే విషయం గనుక చెప్పవలసిందే. ఆపదలో అక్కరకొస్తుందనుకునే తల్లిదండ్రులకు ఒక మాట: తాకట్టుకు వెళితే ఏ రాయి అయినా దాని బరువు తీసివేసి, బంగారానికే అప్పిస్తారు.

మాది గనిలోది అని గర్వించేవారిని కూడ ఒకటి అడగాలి. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలలో తొలకరి వానలు పడగానే పేదలు చెట్లక్రింద మకాంపెట్టి రాళ్ళు వెదకుతారు. దొరికినవానికి దాని విలువ తెలియదు, కొనేవానికి తెలుసు. ఇద్దరూ ఒప్పుకున్నారు గనుక న్యాయమేనా? ఒకరి అజ్ఞానం మీద, అవసరం మీద కుదిరిన బేరం నాకైతే న్యాయమనిపించదు. 17వ శతాబ్దంలో కృష్ణాతీరాన కొల్లూరులో వేలాదిమంది తవ్వటం చూచినట్లు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాశాడు. వజ్రాల పేర్లు మిగిలాయి, వారి పేర్లు మిగలలేదు. 2003లో వచ్చిన కింబర్లీ ఏర్పాటు కూడ తిరుగుబాటుదారుల యుద్ధాలకు వజ్రాల సొమ్ము చేరకుండా చూడటానికే. కూలి సంగతి అందులో లేదు. ధ్రువపత్రంలో రాతిలోని సూదిమొనంత మచ్చ సైతం నమోదవుతుంది, తవ్వినవానికి ఎంత ముట్టిందో ఉండదు.

వివాహాన్ని ఏర్పరచేది వధూవరుల సమ్మతియే. ఉంగరం వారి ప్రేమకు, విశ్వసనీయతకు గుర్తు. దానిని ఆశీర్వదించే గురువు రాయి ఉందా లేదా అని చూడడు. సాదా బంగారు ఉంగరం చాలు. వజ్రమే కావాలంటే తయారైనదే కొనండి అంటాను. దాని ధ్రువపత్రంలో ప్రయోగశాలలో పెంచినదని స్పష్టంగా వ్రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని బీరువాలో దాచక, నిశ్చితార్థానికి ముందే అమ్మాయి చేతికివ్వండి.